యాత్రా గ్రంథాల సేకరణ: తొలి ముద్రణ మేలా, వ్యాఖ్యలున్న పాత ముద్రణ మేలా?

మన తీరానికి వచ్చిన తొలినాటి ఐరోపా వర్తకుల, నావికుల పుస్తకాలు సేకరించాలనుకునే విశాఖ మిత్రులకు ముందు ఎదురయ్యే ప్రశ్న ఇదే. నేను వ్యాఖ్యలున్న పాత ముద్రణ వైపే, అంటే తర్వాతి పండితులు వివరణలు చేర్చి వెలువరించిన ప్రతి వైపే మొగ్గుతాను.

వజ్రాల వర్తకుడు టావెర్నియే పుస్తకం 1676లో పారిస్‌లో అచ్చయింది. ఆ ప్రతిని చేతుల్లోకి తీసుకుంటే ఒళ్లు పులకరిస్తుంది, నిజమే. కానీ ఆయన చెప్పిన ‘కూలూర్’ గని ఏ ఊరిదో తెలియాలంటే 1889లో వాలెంటైన్ బాల్ వెలువరించిన రెండు సంపుటాల ఆంగ్లానువాదమే తెరవాలి. భూగర్భ శాస్త్రవేత్త కాబట్టి, అది కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరేనని ఆయన వివరంగా తేల్చాడు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకుడు మెథ్వోల్డ్ రాసిన గోల్కొండ వృత్తాంతమూ అంతే. యాత్రా వృత్తాంతాలను పోగుచేసిన పర్చాస్ 1626 నాటి మహాసంపుటంలో దానికి దక్కినవి కొద్ది పుటలే. అదే వృత్తాంతం మరో రెండింటితో కలిసి, చరిత్రకారుడు మోర్లాండ్ వ్యాఖ్యలతో, పాత యాత్రా గ్రంథాలను ప్రచురించే లండన్ సంస్థ హక్లూట్ సొసైటీ వారి 1931 నాటి సంపుటంలో దొరుకుతుంది.

ఇంగ్లీషు నావికుడు, వర్తకుడు థామస్ బౌరీ విషయంలో అసలు ఈ తగవే లేదు. 1669–1679 మధ్య బంగాళాఖాతపు తీరాల గురించి ఆయన రాసుకున్నది ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 1905లో టెంపుల్ పరిష్కరించిన హక్లూట్ ప్రతే దానికి తొలి ముద్రణ. అందులోని ‘జింజిలీ’ తీరం గోదావరి నుంచి ఉత్తరానికి సాగే మన తీరమే! విశాఖ వాసి మొదట కొనవలసింది ఇదేనని నా గట్టి నమ్మకం.

తొలి ముద్రణలకు ఒక్క విషయంలో మాత్రం తిరుగులేదు. అది కాగితం. పదిహేడో శతాబ్దపు కాగితం గుడ్డపీలికల గుజ్జుతో చేసింది, ఇప్పటికీ గట్టిగా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం చివరి నాటి కలపగుజ్జు కాగితమైతే ఆమ్లం వల్ల పసుపెక్కి, మడిస్తే విరుగుతుంది. మన సముద్రపు తేమకు బూజు ఏ పుస్తకాన్నీ వదలదు. బీరువాను గోడకు ఆనించకండి, లోపల తేమ పీల్చే సిలికా జెల్ సంచులు పెట్టి తరచూ మార్చండి. చిరిగిన పుటకు సెల్లోటేపు అంటించవద్దు, ఆ జిగురు మరక పోదు.

కొనేముందు పటాలు, చిత్రాలు లెక్కపెట్టుకోవాలి. వాటిని కత్తిరించి విడిగా అమ్ముకునేవారు ఎప్పటినుంచో ఉన్నారు. తొందరపడి కొన్న ఒక సంపుటంలో మడత పటం లేదని ఇంటికి వచ్చాక తెలిసి ఎంతో బాధపడ్డాను.

కొత్త పునర్ముద్రణలు పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదవడానికి మంచివి, సేకరణలోకి రావు. 1676 నాటి ప్రతి నాకూ కావాలి. బాల్ రెండు సంపుటాలూ అట్ట నుంచి అట్ట దాకా చదివాకే దానికి డబ్బు కూడబెట్టడం మొదలుపెడతాను.