నడకా, ప్రార్థనా: దిగులుకు ఏది ముందు?

డిప్రెషన్‌లో పొద్దున మంచం దిగడమే పెద్ద పని. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ రోడ్లలో వాకింగంటే చెప్పినంత సులువు కాదు, షూ లేసు కట్టుకునేసరికే నీరసం. అయినా నా ఓటు ముందు దానికే. వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం చేయమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నిద్ర కుదుటపడుతుంది, దిగులూ కొంత తగ్గుతుంది. మొదట్లో పది నిమిషాలు నడిచినా చాలు.

చర్చి ఇచ్చేది వేరు: మనుషుల్ని. రెండు ఆదివారాలు రాకపోతే "ఏం పాపా, కనబడలేదే" అని ఇంటికొచ్చే అక్క వాకింగ్‌లో దొరకదు. "నీకు విశ్వాసం తక్కువ" అనేవాళ్లూ ఉంటారు, వాళ్లతోనే చిక్కు. బైబిల్లో చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు. ప్రసంగం కాదు.

చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఈ పోలిక పక్కనపెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, లేదా తిరుపతిలోనైతే ప్రభుత్వ రుయా ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరు రాసిన మాత్రలు ప్రార్థన పేరుతో మానొద్దు.