బీథోవెన్ తొమ్మిదో సింఫనీ: ఫుర్ట్‌వెంగ్లరా, టోస్కనీనీనా?

ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్లలో ఫుర్ట్‌వెంగ్లర్ నెమ్మది, టోస్కనీని స్పీడు అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. గడియారం పెట్టుకుని చూస్తే అది నిజమే. 1951 జులై 29న జర్మనీలోని సంగీతోత్సవాల ఊరు బైరాయిట్‌లో ఫుర్ట్‌వెంగ్లర్ నడిపించిన కచేరీ దాదాపు 74 నిమిషాలు సాగింది. 1952లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో అమెరికా రేడియో సంస్థ ఎన్‌బీసీ ఆర్కెస్ట్రాతో టోస్కనీని చేసిన రికార్డింగ్ 65 నిమిషాలకు అటూఇటూ ఉంటుంది. అప్పటికి ఆయనకు 85 ఏళ్లు!

కానీ అసలు తేడా స్పీడులో లేదు, నిలకడలో ఉంది. టోస్కనీని ఒక నడక పట్టుకుంటే దాదాపుగా వదలడు. ఫుర్ట్‌వెంగ్లర్ సాగదీస్తాడు, ఆపుతాడు, ఉన్నట్టుండి తరుముతాడు. చివరి ప్రెస్టిస్సిమోలో, అంటే అతివేగంగా సాగే ముగింపులో, ఆ "నెమ్మది" మనిషే ఎంత పరుగెత్తిస్తాడంటే, వాద్యాలు ఒకదాన్నొకటి అందుకోలేక చెదిరిపోతున్నాయా అనిపిస్తుంది.

మొదటి పది సెకన్లు వినండి. సెకండ్ వయొలిన్లు, చెలోలు సన్నగా వణికించే స్వరాలు టోస్కనీని దగ్గర లెక్కపెట్టుకునేంత స్పష్టం. ఫుర్ట్‌వెంగ్లర్ దగ్గర అవి పొగమంచులా కలిసిపోతాయి. ఆఖరి భాగంలో చెలోలు, డబుల్ బేసులు "ఓడ్ టు జాయ్" అనే ఆనందగీతాన్ని ఎత్తుకునే ముందు ఆయన ఉంచిన నిశ్శబ్దం మరీ సాహసం. ఆ తర్వాత పాట వినీ వినపడనట్టు మొదలవుతుంది.

మూడో భాగాన్ని టోస్కనీని 14 నిమిషాల్లో, ఫుర్ట్‌వెంగ్లర్ 19 దాటించి ముగిస్తారు. బీథోవెన్ ఇచ్చిన మెట్రోనోమ్ అంకె (నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే వేగం గుర్తు) టోస్కనీని పక్షమే, అయినా ఆయన కూడా దానికంటే నిదానమే. ఇక్కడ మాత్రం నా ఓటు ఫుర్ట్‌వెంగ్లర్‌కే. అంత విలంబంలోనూ పట్టు సడలలేదు. రెండో భాగం, ఆ బిగువూ చురుకూ, టోస్కనీని సొత్తు.

నాజీలకు నిరసనగా 1933లో బైరాయిట్‌కు రానన్నది టోస్కనీని, జర్మనీలోనే ఉండిపోయింది ఫుర్ట్‌వెంగ్లర్. అందుకే వీళ్లిద్దరి పోలిక సంగీతం దగ్గరే ఆగదు. ఆ గొడవ వేరే.

కొత్తగా వినేవాళ్లు టోస్కనీనితో మొదలుపెట్టడం మేలు, సింఫనీ కట్టడం తెలుస్తుంది. ఒక్కటే ఉంచుకోమంటే నేను బైరాయిట్‌నే ఉంచుకుంటాను. కొనేటప్పుడు చూసుకోండి: ఈఎంఐ రికార్డుల కంపెనీ 1955లో తెచ్చినదాంట్లో రిహార్సల్ ముక్కలు కలిశాయంటారు. బవేరియన్ రేడియో టేపు నుంచి ఓర్ఫియో అనే రికార్డుల కంపెనీ తెచ్చింది వేరే.