‘హోటల్ ఇంగ్లీష్’ కోర్సులు: ఫీజు కట్టే ముందు ఇది చదవండి (శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి)

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మన జంక్షన్లలో ఆటోల వెనకా కరెంటు స్తంభాల మీదా ఇలాంటి ప్రకటనలు వెలుస్తాయి: ‘హోటల్ ఇంగ్లీష్, 60 రోజులు, స్టార్ హోటల్లో ఉద్యోగం గ్యారెంటీ.’ బాగా నేర్పేవాళ్లు లేరని కాదు. పాత స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సుకే టై కట్టి, ఫీజు పెంచి అమ్మేవాళ్లతోనే జాగ్రత్త.

డెమో క్లాసు చూసి మోసపోవద్దు. అది పెళ్లిచూపుల లాంటిది, ఆ రోజు అందరూ బాగానే ఉంటారు. నెల రోజులుగా నడుస్తున్న బ్యాచ్‌లో అరగంట కూర్చోనివ్వమని అడగండి. కుదరదన్నారంటే అక్కడే తేలిపోయింది. కూర్చోనిస్తే రెండు విషయాలు చూడండి. పిల్లల చేతిలో మెనూ కార్డు, ఆర్డర్ ప్యాడ్ ఉన్నాయా? లేక బోర్డు మీద టెన్సులు రాసి, ఒక్కొక్కరినీ లేపి ‘మైసెల్ఫ్ ఫలానా’ అని అప్పజెప్పిస్తున్నారా? (ఆ ‘మైసెల్ఫ్’ అన్నదే తప్పు. ‘ఐ యామ్ ఫలానా’ అనాలి.)

ఇంకో లెక్క చూడండి. బ్యాచ్‌లో 30 మంది, క్లాసు గంట. సారు 45 నిమిషాలు మాట్లాడితే మిగిలింది 15, అంటే తలకి అర నిమిషం. 60 రోజులు కలిపినా ఒక్కో పిల్లాడు నోరు తెరిచేది మొత్తం అరగంట. మీరు ఫీజు కడుతున్నది ఆ అరగంటకే. పది పన్నెండు మందికి మించని బ్యాచ్, ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి ఉంటేనే ఆలోచించండి.

హోటల్ ఇంటర్వ్యూలో గ్రామర్ ఎవరూ అడగరు. కెప్టెన్ (వెయిటర్ల మీద ఉండే పెద్ద) తనే గెస్ట్‌లా కుర్చీలో కూర్చుని ‘ఆర్డర్ తీసుకో’ అంటాడు. పలకరించాలి, నీళ్లు ఏవి కావాలో అడగాలి, ఏ సీటు వాళ్లు ఏం చెప్పారో సీటు నంబరుతో రాసుకోవాలి, కారం ఎంత ఉండాలో, ఏదైనా పడదేమో కనుక్కోవాలి. చివర్లో ‘మే ఐ రిపీట్ యువర్ ఆర్డర్, సర్?’ అని మొత్తం తిరిగి చదివి వినిపించాకే కేఓటీ (వంటింటికి ఇచ్చే ఆర్డర్ చీటీ) వంటింట్లోకి వెళ్లాలి. కొత్తవాళ్లు వదిలేసేది ఈ చివరి మెట్టే, గొడవలు మొదలయ్యేదీ అక్కడే. సీటు నంబరు రాయకపోతే ప్లేట్లు పట్టుకుని ‘ఇది ఎవరిది?’ అని టేబుల్ చుట్టూ తిరగాలి.

పడనివాటి సంగతి కోర్సులో ఎలా చెబుతున్నారో తప్పకుండా అడగండి. పలాస జీడిపప్పు తిని పెరిగిన మనకి జీడిపప్పు పడనివాళ్లుంటారంటే నమ్మబుద్ధి కాదు. గెస్ట్ ‘ఐ యామ్ ఎలర్జిక్ టు నట్స్’ అన్నాడనుకోండి. అర్థం కాకపోయినా ‘యస్ సర్, నో ప్రాబ్లమ్’ అని తలూపి, పనీర్ బటర్ మసాలా రాసుకొస్తే? ఆ గ్రేవీ చిక్కబడటానికి వాడేది సాధారణంగా జీడిపప్పు ముద్దే, పైకి కనపడదు. గొంతు వాచి ప్రాణం మీదికి రావచ్చు. పల్లీలా, జీడిపప్పు, బాదం లాంటివా అని అడగాలి. ‘లెట్ మీ చెక్ విత్ ద షెఫ్’ అని చెప్పి, కేఓటీ మీద రాసి, షెఫ్‌కి నోటితో కూడా చెప్పాలి. ఇది నేర్పని కోర్సుని హోటల్ కోర్సు అనకూడదు.

ఇక మన మాట నుంచి వచ్చే తప్పులు. ‘ఏటి కావాలి?’ని ఉన్నదున్నట్టు మార్చి ‘వాట్ యూ వాంట్?’ అంటారు, ‘చెప్పండి సార్’ కాస్తా ‘టెల్ మీ సర్’ అవుతుంది. తెలుగులో మర్యాదంతా చివరి ‘అండి’లో ఉంది. ఇంగ్లీష్‌లో అది వాక్యం మొదట్లోకి వస్తుంది: ‘మే ఐ’, ‘వుడ్ యూ లైక్’. రొయ్యలు అయిపోతే ‘ఓవర్ సర్’ అనకుండా ‘సారీ సర్, వి ఆర్ అవుట్ ఆఫ్ ప్రాన్స్ టునైట్. మే ఐ సజెస్ట్ ద ఫిష్?’ అనాలి. అంకెలు మరీ ప్రమాదం. ఫిఫ్టీన్‌లో చివరి ‘టీన్’ సాగుతుంది, ఫిఫ్టీలో బరువు మొదటి ‘ఫిఫ్’ మీద పడుతుంది. ఈ తేడా వినపడకపోతే 215 గదికి వెళ్లాల్సిన టిఫిన్ 250కి వెళ్తుంది. ‘టూ వన్ ఫైవ్, సర్?’ అని విడివిడిగా అడిగి ఖాయం చేసుకోవాలి. ఇది చెవికి సంబంధించిన పని, నోట్సు రాసుకుంటే రాదు.

గోడ మీద ‘గవర్నమెంట్ రిజిస్టర్డ్’, ‘ఐఎస్ఓ’ అని ఫ్రేములు కట్టి ఉంటాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఆన్‌లైన్‌లో ఎవరి వివరాలు వాళ్లే నింపుకునేది, పైగా ఉచితం. ఐఎస్ఓ 9001 సంస్థ నిర్వహణకి సంబంధించింది. రెండూ పాఠం బాగుందని చెప్పవు.

అన్నిటికంటే పెద్ద ఉచ్చు ఈఎంఐ. ‘అడ్మిషన్ కోసం ఓటీపీ చెప్పండి’ అంటూ ఆధార్, పాన్ తీసుకుని పిల్లల పేరు మీద లోన్ తీసేస్తారు. డబ్బంతా ఒకేసారి సంస్థకి పోతుంది. పదో రోజు మానేసినా వాయిదాలు మీ ఖాతాలోంచి కట్ అవుతూనే ఉంటాయి, ఆపితే సిబిల్ (అప్పులు ఎలా కడుతున్నారో చూపే స్కోరు) పాడవుతుంది. ఓటీపీ మెసేజ్ ఎవరి పేరుతో వచ్చిందో పూర్తిగా చదవండి. లోన్ అయితే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ (లోన్ షరతులన్నీ రాసి ఉండే కాగితం) అడిగి తీసుకోండి. ఎన్నాళ్లలోపు రద్దు చేసుకోవచ్చో అందులోనే ఉంటుంది.

ఉద్దానం వైపు వాళ్లకి గల్ఫ్ ఆశ చూపిస్తారు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన ఏజెంటు తప్ప, ఇంగ్లీష్ క్లాసులు చెప్పుకునేవాళ్లు విదేశీ ఉద్యోగానికి డబ్బు తీసుకోకూడదు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఆ ఏజెంటు పేరు వెతకండి. ఏజెంటు కూడా రసీదు ఇచ్చి, రూ.30,000, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. విజిట్ వీసా మీద పంపుతామంటే లేచి వచ్చేయండి. ఓడల్లో ఉద్యోగమైతే, అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు సిబ్బంది దగ్గర ఫీజు తీసుకోకూడదు.

డబ్బు కట్టే ముందు ఉచితంగా దొరికేవి కనుక్కోండి. గ్రామీణ యువతకి డీడీయూ-జీకేవై అనే ప్రభుత్వ పథకం శిక్షణలో హోటల్ పనులూ ఉంటాయి. ఏ బ్యాచ్ ఎప్పుడో డీఆర్‌డీఏ (జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ) ఆఫీసులో అడగండి.

ఇప్పటికే కట్టేసి ఇరుక్కున్నవాళ్లు ముందు రాతపూర్వకంగా రీఫండ్ అడగండి. వాట్సాప్ అయినా పర్లేదు, తేదీ ఉంటుంది. తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. మీరు కట్టింది రూ.5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. కరపత్రం, రసీదు, ‘ఉద్యోగం గ్యారెంటీ’ అన్న స్టేటస్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. స్టేటస్ 24 గంటల్లో పోతుంది, చూసిన రోజే తీసిపెట్టుకోండి.