పిల్లులకిచ్చే ప్రీబయోటిక్ పౌడర్, మూడు నెలలు వాడాక

మా పిల్లి పేరు గుండు. పేరు పెట్టినప్పుడు అరచేతిలో పట్టేవాడు, ఇప్పుడు 6.4 కేజీలు, కిటికీ గట్టు మీదకి ఎగరాలంటే ముందు ఒక నిమిషం ఆలోచిస్తాడు. అందుకే డబ్బా మీద "మెటబాలిజం బూస్ట్, బరువు కంట్రోల్, రోజంతా ఎనర్జీ" అని చూడగానే ఆగలేక ఈ పౌడర్ కొనేశాను. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఈ టైపు డబ్బాలన్నిటి మీదా ఇంచుమించు ఇవే మాటలుంటాయి కాబట్టి. లోపల ఉన్నది ఇన్యులిన్, ఎఫ్ఓఎస్, అంటే చికోరీ వేరు లాంటి వాటి నుంచి తీసే పీచు, అంతే. పేగులోని మంచి బ్యాక్టీరియాకి తిండి అవుతుందని దీన్ని ప్రీబయోటిక్ అంటారు.

ముందు మంచి చెప్తా. పదిహేను రోజుల్లో మోషన్ బాగుపడింది. అంతకుముందు ఒకరోజు రాళ్లలా ఒకరోజు ముద్దలా ఉండేది, ఇప్పుడు రోజూ ఒకేలా, లిట్టర్ కూడా అంటుకోకుండా వస్తోంది. వాసన కూడా కొంచెం తగ్గినట్టుంది. దానికి కారణం ఉంది, అరక్క మిగిలిపోయిన మాంసం ప్రోటీన్ పెద్దపేగులో కుళ్లితే అమోనియా, ఇండోల్ లాంటి కంపు సరుకు వస్తుంది, బ్యాక్టీరియాకి పీచు దొరికితే ముందు దాని మీద పడతాయి.

ఇక ఎనర్జీ సంగతి. ఇక్కడే డబ్బా వాళ్లు గోరంత నిజాన్ని కొండంత చేశారు. ఈ పీచుని పిల్లి స్వయంగా అరిగించుకోలేదు, అది అలాగే పెద్దపేగు దాకా పోతే అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అని మూడు చిన్న ఫ్యాటీ యాసిడ్లు చేస్తాయి. బ్యూటిరేట్‌ని ఎక్కువగా పేగు గోడ కణాలే వాడేసుకుంటాయి, అసిటేట్ ఒంట్లోకి పోయి కండరాలకీ వాటికీ ఇంధనం అవుతుంది. నాకు బాగా నచ్చింది ప్రొపియోనేట్, అది లివర్‌కి వెళ్లి గ్లూకోజ్ అవుతుంది. పిల్లికి ఇది ఎందుకు ముఖ్యం అంటే, అది పుట్టుకతో మాంసాహారి, తిండిలో పిండిపదార్థం పెద్దగా ఉండదు కాబట్టి దాని లివర్ పొద్దస్తమానం ప్రోటీన్‌లోని అమైనో యాసిడ్లని విరగ్గొట్టి గ్లూకోజ్ చేసుకుంటూనే ఉంటుంది, ప్రోటీన్ తక్కువ పెట్టినా మనలా ఆ పని బాగా తగ్గించుకోలేదు. ఆ గ్లూకోజ్‌లో కొంత ప్రొపియోనేట్ నుంచి వస్తే ఆ మేరకి ప్రోటీన్ మిగులుతుంది కదా, అదీ ఐడియా. ఇన్యులిన్ రకం పీచు పెట్టిన పిల్లుల రక్తంలో దీనికి తగ్గ ఆనవాళ్లు పరిశోధనల్లో కనబడ్డాయి కూడా. కానీ పిల్లికి ఉన్నదే పొట్టి పెద్దపేగు, సీకమ్ (పెద్దపేగు మొదట్లో ఉండే సంచి) అయితే పేరుకే, ఆవులా పొట్టలో పులిసే దాంతోనే బతికే జీవి కాదు. మొత్తం ఎనర్జీలో దీని వాటా చిన్నదే. ఆ చిన్నది కూడా ప్రోటీన్ పొదుపు చేయడం తప్ప కొవ్వు కరిగించడం కాదు, ఇది డబ్బా మీద ఎక్కడా రాయలేదు.

మా గుండు బరువు విషయానికొస్తే, మొదటి నెల పౌడర్ ఒక్కటే మార్చా, 6.4 కేజీలు 6.4 గానే ఉంది. కొండని తవ్వి ఎలుకని పట్టారంటారు, మావాడికి ఆ ఎలుక కూడా దొరకలేదు. రెండో నెల నుంచి వెట్ చెప్పిన లెక్క ప్రకారం తిండిని కిచెన్ స్కేల్ మీద గ్రాముల్లో తూచి పెట్టడం మొదలెట్టా, ఇప్పుడు 6.1. క్రెడిట్ స్కేల్‌కే. (లావు పిల్లిని ఒకేసారి పస్తు మాత్రం పెట్టకండి, రెండు మూడు రోజులు తినకపోతే లివర్‌లో కొవ్వు పేరుకుని ప్రాణం మీదకి రావచ్చు.)

అసలు కంప్లైంట్ స్కూప్ మీద. డబ్బా మీద ఒక స్కూప్ 2 గ్రాములు అని ఉంది, నేను తూస్తే తలగొట్టినా 3 పైనే. అది తెలియక మొదటిరోజే నిండా వేసేశా, సాయంత్రానికి పొట్ట డప్పులా ఉబ్బి గుడగుడ శబ్దాలు, ఒళ్లో కూర్చున్నవాడు కాస్తా వాసన వదిలి వాడే లేచి వెళ్లిపోయాడు. రాత్రి రెండుసార్లు నీళ్ల మోషన్. ఈ రకం పీచు చాలా స్పీడుగా పులుస్తుంది కాబట్టి ఒకేసారి ఎక్కువైతే గ్యాసే. కస్టమర్ కేర్‌కి రాస్తే "ప్రతి పెట్ డిఫరెంట్" అని రిప్లై ఇచ్చారు. పెట్ కాదయ్యా, స్కూప్ డిఫరెంట్! తర్వాత మూడు రోజులు ఆపి, చిటికెడుతో మొదలుపెట్టి పది రోజుల్లో పెంచుకుంటూ పోయా, అప్పుడు ఏ గొడవా రాలేదు.

రుచికి అడ్డం చెప్పడు, కొంచెం తియ్యగా ఉంటుంది గానీ పిల్లులకి తీపి తెలియదు కాబట్టి వాడికి అనవసరం. తడి ఫుడ్‌లో కలిపితే కలిసిపోతుంది, పొడి గింజల మీద చల్లితే మొత్తం గిన్నె అడుగునే మిగుల్తుంది.

మోషన్ కోసమైతే నాలుగు స్టార్లు, డబ్బా మీది మాటలకి ఒకటి. అయిపోయాక మళ్లీ కొంటా గానీ ఆ స్కూప్ ఇప్పటికే చెత్తబుట్టలో ఉంది.