పాత స్పోర్ట్స్ కారు కొనేవారికి హెచ్చరిక: రంగు చూసి అడ్వాన్సు ఇవ్వకండి

పాత స్పోర్ట్స్ కారును కొని ఇంట్లోనే బాగుచేసుకోవాలని అనుకుంటున్న హైదరాబాదు మిత్రులందరికీ నమస్కారం. గత కార్తీక మాసంలో నేను నగర శివారులోని ఒక షెడ్డులో 1966 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్‌ను, అంటే పైకప్పు లేని బ్రిటిష్ స్పోర్ట్స్ కారును, 11 లక్షల రూపాయలకు కొన్నాను. బాడీ పని మొత్తం పూర్తయిందని, సీట్లు, వైరింగు వంటివి మాత్రమే మిగిలాయని, వాటిని నేనే ఇంట్లో తీరికగా చేసుకోవచ్చని షెడ్డు యజమాని చెప్పారు. బాడీ పని పూర్తికాలేదు సరికదా, అసలు మొదలే కాలేదు. పైగా ఇంజను ఆ కారుది కాదు. విషయం వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్తున్నందున ఆ షెడ్డు పేరు రాయడం లేదు. ఏ మోసం ఎక్కడ దాక్కుంటుందో మాత్రం వివరంగా రాస్తున్నాను.

ఎంజీబీ ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైంది. మొత్తం 5 లక్షలకు పైగా కార్లు వచ్చాయి కనుక విడిభాగాలు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి, పూర్తి బాడీ షెల్ కూడా మళ్లీ తయారవుతోంది. ఇంటి షెడ్డులో పని నేర్చుకోవాలనుకునే వాడికి ఇంతకంటే అనువైన పాత కారు లేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. అయితే దీనికి జీపుకు ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే ఛాసిస్. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో ముందు భాగాన్నీ వెనుక భాగాన్నీ కలిపి పట్టుకునే బలం ప్రధానంగా తలుపుల కింద పొడవునా సాగే సిల్స్‌లోనే ఉంటుంది. బయటికి కనిపించేది ఒక్క రేకే అయినా దాని వెనుక నడుమ నిలువుగా ఒక రేకు, లోపలి వైపు మరొకటి, అడుగున కాసిల్ రైల్ అనే మడత రేకు ఉంటాయి. ఇవన్నీ కలిసి ఒక పెట్టెలా బిగిసి ఉన్నంతవరకే ఆ సిల్‌కు బలం.

సైనిక్‌పురిలోని మా ఇంటి పోర్టికోలో కారును స్టాండ్ల మీద నిలబెట్టడానికి మొదటిసారి సిల్ కింద జాకీ పెట్టాను. జాకీ లేచింది, కారు లేవలేదు. రేకు కరకరమని లోపలికి మడతపడి, అద్దంలా మెరుస్తున్న ఎర్ర రంగు జానెడు పొడవున పగిలిపోయింది. గీకి చూస్తే రంగు కింద వేలు మందాన లప్పం, దాని కింద ఫైబర్ మ్యాట్, దాని కింద పాత సిల్ మీదనే అక్కడక్కడ చుక్కలుగా వెల్డింగ్ చేసి కప్పిన కొత్త రేకు కనిపించాయి. ఆ రేకు ఊడదీస్తే చేటెడు తుప్పు రాలింది. నడుమ ఉండవలసిన నిలువు రేకు ఆనవాలుకైనా లేదు. ఆ కారులో మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారి మీదుగా ఇంటికి తెచ్చానన్న తలంపుకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొనేముందు నేను అయస్కాంతం పెట్టి చూడకపోలేదు, చూశాను. తుప్పును కప్పింది కూడా ఇనుప రేకే కాబట్టి, లప్పం పలుచగా ఉన్న చోట్ల అది చక్కగా అంటుకుంది. కాబట్టి అయస్కాంతాన్ని నమ్ముకోకండి. తలుపు మూసి, దాని వెనుక అంచుకూ వెనుక ఫెండర్‌కూ (చక్రం మీది రేకు) మధ్య ఉన్న సందును గమనించి, ఆ వైపు సిల్ కింద చెక్కముక్క వేసి జాకీతో ఎత్తించండి. ఎత్తుతున్నప్పుడు ఆ సందు మారినా, తలుపు బిగుసుకున్నా ఆ కారు నడుము విరిగినట్టే. మొబైల్‌కు తగిలించే సన్నని గొట్టం కెమెరా తక్కువ ధరకే దొరుకుతుంది, దానిని సిల్ అడుగున ఉండే నీటి రంధ్రాలలోంచి పంపి లోపలి రేకులను చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా, సిల్ రేకు చివరలు ముందు వెనుక ఫెండర్ల అడుగు భాగాల వెనక్కి వెళ్తాయి కనుక, ఫెండర్ల అడుగు కోయకుండా సిల్‌ను సరిగా మార్చడం సాధ్యం కాదు. పని నిజంగా చేసినవారి దగ్గర కోసి ఉంచిన ఫెండర్, తెరిచి ఉన్న సిల్ ఫోటోలు తప్పక ఉంటాయి. నేను అడిగితే ‘ఫోన్ మారింది సార్, ఫోటోలు పోయాయి’ అన్నారు. నేను అక్కడే ఆగిపోవలసింది.

ఇప్పటికే ఇలాంటి కారు కొని ఇంట్లో సిల్స్ మార్చబోతున్నవారికి ఒక మాట. కోత మొదలుపెట్టే ముందే తలుపు ఖాళీలో ముందు నుంచి వెనక్కి ఇనుప గొట్టం వెల్డింగ్ చేసి బిగించాలి, ఒకసారి ఒక వైపే కోయాలి. అలా చేయకపోతే బాడీ నడుమ కుంగి, తరువాత ఎంత మంచి రేకు వేసినా తలుపులు కుదరవు.

ఇక ఇంజను సంగతి. దశాబ్దాలుగా అంబాసిడర్లు బాగుచేసిన సికిందరాబాదు మెకానిక్ ఒకాయన మా ఇంటికి వచ్చి, బానెట్ ఎత్తగానే ‘సార్, ఇది అంబాసిడర్‌దే కదా సార్’ అన్నారు. నాలాంటివాడు కొనేటప్పుడు పొరబడటం తేలికే, ఎందుకంటే అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజను, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజను రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ సిరీస్ ఇంజన్ల కుటుంబానికి చెందిన అన్నదమ్ములే. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) రెండింటికీ 88.9 మిల్లీమీటర్లే, బోరు (సిలిండరు వ్యాసం) మాత్రం ఎంజీబీలో 80.26, అంబాసిడర్‌లో సుమారు 73 మిల్లీమీటర్లు. ఎంజీబీ మీది రెండు ఎస్‌యూ కార్బురేటర్లు తెచ్చి తగిలిస్తే పైనుంచి చూసినవారికి తేడా తెలియదు. ఇంజను అడుగున ఉండే, మెకానిక్కులు చాంబరు అని పిలిచే ఆయిల్ సంప్ దించితే నిజం బయటపడుతుంది. 1964 చివరి నుంచి ఎంజీబీ క్రాంకుకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఐదు మెయిన్ బేరింగులు ఉన్నాయి, నా కారులో మూడే ఉన్నాయి. ఇంజను బ్లాకు మీద ఆ కాలపు ఎంజీబీ ఇంజనుకు ఉండే 18జీబీతో మొదలయ్యే నంబరు పలక ఉంది కానీ, దాని రివెట్లు మొన్న కొట్టినంత కొత్తగా ఉన్నాయి. అంబాసిడర్ ఇంజను మీద నాకు చిన్నచూపు లేదు, దానిని మరొక పేరుతో అమ్మడమే అన్యాయం.

బ్రిటన్‌లోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం వారు ఛాసిస్ నంబరు ఆధారంగా, రుసుము తీసుకుని, కారు తయారైనప్పటి రంగు, ఇంజను నంబరు వంటి వివరాలతో ధ్రువపత్రం ఇస్తారు. నేను కొన్న తరువాత తెప్పించుకున్నాను. అందులో రంగు ఓల్డ్ ఇంగ్లిష్ వైట్, ఇంజను నంబరు వేరు. మీరు బేరం కుదరకముందే యజమానిని ఆ పత్రం చూపమనండి.

ఇంజను మారడం డబ్బు నష్టంతో ఆగదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు, ఇంజను మారిస్తే అధికారుల అనుమతి, ఆర్సీలో నమోదు అవసరం. నా ఆర్సీలో 1798 సీసీ అనే ఉంది. పైగా 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద, 50 ఏళ్లు దాటి మూలరూపంలో ఉన్న కారుకు 20,000 రూపాయల రుసుముతో పదేళ్ల రిజిస్ట్రేషను, ‘వీఏ’ అక్షరాలున్న నంబరు లభిస్తాయి. ఛాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని మార్పులు చేసిన కారుకు ఆ అర్హత లేదు. ‘మాడిఫైడ్’ అన్న మాట గొప్పగా చెప్పే అమ్మకందారు దగ్గర ఈ విషయం తప్పక అడగండి.

బ్రేకుల గురించి క్లుప్తంగా: ఆ కాలపు ఎంజీబీలో బ్రేకు ఆయిల్‌కు నాలుగు చక్రాలకూ కలిపి ఒకే దారి (సర్క్యూట్) కావడంతో ఎక్కడ ఒక్క గొట్టం చిట్లినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. నా కారులోని రబ్బరు గొట్టాలు పగుళ్లు తేలి ఉండగా వాటికి నల్ల రంగు పూశారు.

చివరగా రసీదు. అందులో ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమైనది’ అన్న వాక్యాన్ని చదివి కూడా సంతకం చేశాను. నన్ను కాస్త నిలబెట్టింది, ‘రెండు సిల్స్ కొత్తవి, ఇంజను ఒరిజినల్’ అని యజమాని వాట్సాప్‌లో స్వయంగా రాసిన సందేశాలు. నోటిమాటగా విన్న ప్రతిదాన్నీ ఇలా రాతలో తీసుకోండి. వ్యాపారం చేసే షెడ్డు నుంచి కొన్నవారు రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, 1915 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

పోయిన వారం ఆ షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే లోపల మరొక రోడ్‌స్టర్ కనిపించింది. తలుపులు బిగించి ఉన్నాయి, సిల్స్ మీద లప్పం ఇంకా ఆరుతోంది. శివారు షెడ్లలో ఎర్ర రంగు రోడ్‌స్టర్ కోసం బేరమాడుతున్నవారు ఎవరైనా ఉంటే, రంగు పడకముందే వెళ్లి కారును జాకీ మీద ఎత్తించి చూడండి.