జింక్ ఆక్సైడా, టిన్ ఆక్సైడా? ఆర్గానిక్ సోలార్ సెల్‌కి ఏది మేలు?

కాకినాడలో ఆర్గానిక్ సోలార్ సెల్స్ (కార్బన్ పదార్థాలతో చేసేవి) చేసే మా ల్యాబ్‌కి ప్రాజెక్టు కోసం వచ్చే ప్రతి బ్యాచ్ ఇదే అడుగుతుంది: ఇన్వర్టెడ్ సెల్‌లో (ఎలక్ట్రాన్లు అడుగు గాజు వైపు నుంచి బయటికి వెళ్లే రకం) ఎలక్ట్రాన్ లేయర్‌కి, అంటే వాటిని చేరవేసే పొరకి, జింక్ ఆక్సైడ్ వేయాలా, టిన్ ఆక్సైడ్ వేయాలా? నిరుడు వచ్చిన భీమవరం కుర్రాడు అడగను కూడా లేదు. "జింకేనండి, అందరూ అదే వేస్తున్నారు కదండి" అంటూ సీసా పట్టుకుని వచ్చేశాడు. వాడు చేయాల్సింది రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచే సెన్సర్‌కి కరెంటు ఇచ్చే సెల్. అంటే పొద్దస్తమానం నీళ్ల మీద ఎండలో పడి ఉండేది. నా పేచీ అంతా అక్కడే.

ముందు జింక్‌కి పడాల్సిన మార్కులు వేసేద్దాం. జింక్ ఎసిటేట్, మెథాక్సీ ఇథనాల్, కాస్త ఇథనోలమీన్ వేసి రాత్రంతా కలియబెడితే ద్రావణం రెడీ. గాజు మీద వేసి గిరగిరా తిప్పి (అదే స్పిన్ చేసి) 200 డిగ్రీల హాట్ ప్లేట్ మీద అరగంట ఉంచితే 30 నానోమీటర్ల పొర వస్తుంది. ఖర్చు తక్కువ, కొత్త చేతికి కూడా లొంగుతుంది. వానాకాలంలోనే కాస్త చికాకు. గోదావరికి వరదొచ్చిన వారం డీహ్యుమిడిఫయర్ ఆగిపోయింది, ఆ రోజు వేసిన పొరలన్నీ ఆవిరి పట్టిన కళ్లజోడులా మసకబారాయి.

టిన్‌కి వేరే తంటాలు. బజారులో దొరికే 15 శాతం కొల్లాయిడ్‌ని (నీళ్లలో తేలే సన్నటి టిన్ ఆక్సైడ్ రేణువులు) నీళ్లతో పల్చన చేసి వేస్తాం, 150 డిగ్రీలు చాలు. కానీ అది నీళ్ల ద్రావణం. ఐటీఓ గాజుని (కరెంటు పారే పారదర్శక పూత ఉన్న గాజు) సరిగ్గా కడగకపోతే చుక్క తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడి, స్పిన్ తిప్పగానే ఎగిరిపోతుంది. యూవీ ఓజోన్‌లో పావుగంట పెట్టి, తీసిన వెంటనే వేసేయాలి. మధ్యలో టీకి వెళ్లొచ్చారంటే మళ్లీ మొదటికే. సీసా పాతదైతే గడ్డలు కడుతుంది, ఫిల్టర్ చేయకుండా వేస్తే సెల్ షార్ట్ అవుతుంది. చేయడంలో సులువు చూస్తే జింక్‌దే పైచేయి. మొదటి రోజు ఎఫిషియెన్సీలో మాకు పెద్ద తేడా ఏమీ కనిపించలేదు.

నా లెక్కలో తేల్చాల్సింది నెల తర్వాతి అంకె. యాక్సెప్టర్‌గా (సెల్‌లో ఎలక్ట్రాన్లను అందుకునే పదార్థం) ఫుల్లరీన్లు, అంటే బంతి ఆకారపు కార్బన్ అణువులు, వాడిన కాలంలో జింక్‌తో ఈ గొడవ ఇంతగా లేదు. 2015లో ఐటీఐసీ, 2019లో వై6 అనే కొత్త యాక్సెప్టర్లు వచ్చాక కథ మారింది. ఈ కొత్త యాక్సెప్టర్లలో మధ్య భాగాన్ని చివరి గుంపులతో కలిపేది ఒక కార్బన్-కార్బన్ జంట బంధం. జింక్ ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్ (కాంతిని తాగడానికి కావాల్సిన కనీస శక్తి) సుమారు 3.3 ఎలక్ట్రాన్ వోల్టులు, కాబట్టి 375 నానోమీటర్ల లోపు అతినీలలోహిత కాంతిని అది తాగేస్తుంది. తాగి ఊరుకోదు, ఉత్ప్రేరకంలా పనిచేసి తనకు తగిలి ఉన్న యాక్సెప్టర్‌లో ఆ బంధాన్నే కొరుకుతుంది. టిన్ ఆక్సైడ్ గ్యాప్ 3.6 పైనే ఉంటుంది. ఎండలో అది తాగే వాటా తక్కువ, ఉత్ప్రేరక గుణమూ తక్కువ.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కొత్తగా చేసిన జింక్ సెల్‌ని కొలిస్తే ఒక్కోసారి కరెంటు-వోల్టేజీ కర్వ్ 'ఎస్' ఆకారంలో వంకర పోతుంది. కాసేపు యూవీ తగిలిస్తే సర్దుకుంటుంది. పిల్లలు సంబరపడిపోతారు. వంకర తీసిన ఆ కాంతే తర్వాత యాక్సెప్టర్‌ని తినేస్తుందని అప్పుడు తట్టదు. పోనీ 400 నానోమీటర్ల కింద కోసేసే ఫిల్టర్ అంటిద్దామంటే, కొన్ని సెల్స్‌లో ఆ వంకర మళ్లీ తిరిగొస్తుంది.

మాటలతో ఆ కుర్రాడు ఒప్పుకోలేదు. సరేనని రెండు గాజులు తీసుకుని, ఒకదాని మీద జింక్, రెండోదాని మీద టిన్, రెండింటి మీదా ఐటీఐసీ పల్చగా వేయించాను. నీలం రంగు పొర. ఏప్రిల్ ఎండలో మేడ మీద పక్కపక్కన పెట్టాం. గాలిలో ఉన్నవి కాబట్టి రెండూ వెలిశాయి. కానీ సాయంత్రానికి జింక్ గాజు నాలుగు ఉతుకులు పడ్డ లుంగీలా ఉంది, టిన్ గాజు మీద నీలం ఇంకా నీలంలానే ఉంది. ఇక వాడు మాట్లాడలేదు.

సెల్ ఇంట్లో, ఎల్ఈడీ దీపం కింద వాడేదైతే మాత్రం నిశ్చింతగా జింక్ వేసుకోండి. ఆ వెలుతురులో యూవీ దాదాపు ఉండదు, టిన్ కోసం అంత కష్టపడక్కర్లేదు.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. టైటానియం డయాక్సైడ్‌ని అనటేజ్‌గా (దాని స్ఫటిక రూపాల్లో ఒకటి) చేయాలంటే మామూలుగా 450 డిగ్రీలు కావాలి, ప్లాస్టిక్ మీద కుదరదు, ఉత్ప్రేరకంగా అది కూడా తక్కువేం తినలేదు. హోల్స్ వైపు (ప్లస్ చార్జి బయటికి వెళ్లే వైపు) మాలిబ్డినం ఆక్సైడ్ ఓ 10 నానోమీటర్లు వ్యాక్యూమ్‌లో వేస్తే సరి. నికెల్, వెనేడియం ఆక్సైడ్లు పరిశోధన చేసేవాళ్లు చూసుకుంటారు. ఆక్సైడ్ కాకపోయినా పెడాట్ (హోల్స్ వైపు వేసే ఒక పాలిమర్) సంగతి కూడా అడుగుతుంటారు. అసలే ఆమ్లం, పైగా తేమ పీల్చే గుణం. కోనసీమ గాలిలో దాన్ని నేను ముట్టుకోను.

ఆ కుర్రాడు చివరికి టిన్‌తోనే చేశాడు. పన్నెండు గాజుల్లో ఐదు షార్ట్ అయ్యాయి, మిగిలిన ఏడింట్లో బాగున్నవి మూడు చెరువు గట్టుకి వెళ్లాయి. ఇప్పుడు వాడి టెన్షన్ అంతా అంచుల చుట్టూ పూసిన ఎపాక్సీ జిగురులోంచి తేమ ఎక్కడ దూరుతోందా అని.