వెల్ష్ మ్యుటేషన్లు: పట్టిక బట్టీ పట్టాలా, వాక్యాల్లో పట్టుకోవాలా?

బ్రిటన్‌లోని వేల్స్ భాష వెల్ష్. దాన్ని మొదలుపెట్టిన తెలుగువాళ్లు కొన్ని వారాలు తిరగకుండానే అడిగే ప్రశ్న ఇది. మాట మొదటి హల్లును మార్చేసే మ్యుటేషన్లకు ఏ దారి మేలు? (ఇక్కడ రాసిన థ, ధలను నాలుక పళ్ల మధ్య పెట్టి, ఖను గొంతు రాపిడితో పలకాలి.)

పట్టిక నిజానికి చిన్నదే. మార్పులు మూడు రకాలు: సాఫ్ట్ మార్పుకు లోనయ్యే హల్లులు 9, నాసల్‌కు 6, ఆస్పిరేట్‌కు 3. ఒక సాయంత్రం పని. చదివేటప్పుడు దాని అవసరం తెలుస్తుంది. తోట ‘గార్ధ్’. ముందు ఆర్టికల్ (ఇంగ్లిష్ ‘the’ లాంటి ‘అ’ లేదా ‘అర్’) చేరితే ‘అర్ ఆర్ధ్’, గకారం ఏకంగా మాయం! నిఘంటువులో ‘ఆర్ధ్’ కోసం ఎంత వెతికినా దొరకదు. ‘వ’తో మొదలైన మాట కనబడితే ‘బ’లోనూ ‘మ’లోనూ చూడాలి. కాబట్టి పట్టికను మారిన రూపం నుంచి అసలు రూపానికి, వెనక్కి చదవడం అలవాటు చేసుకోవాలి.

మాట్లాడేటప్పుడు మాత్రం పట్టిక ఎందుకూ కొరగాదు. హల్లు ఎలా మారుతుందో త్వరగానే వచ్చేస్తుంది. ఎప్పుడు మారుతుందన్నదే చిక్కు. పిల్లి ‘కాథ్’ స్త్రీలింగం కనుక ఆర్టికల్‌తో ‘అ గాథ్’. కుక్క ‘కీ’ పుంలింగం కనుక ‘అ కీ’. మాటను మొదటి నుంచీ ఆర్టికల్‌తో కలిపి నేర్చుకుంటే చాలా మాటలకు లింగం కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. అంతకన్నా ముఖ్యం, ‘అతని’, ‘ఆమె’ రెండూ వాడుకలో ‘ఇ’యే. ‘ఇ గాథ్’ అతని పిల్లి, ‘ఇ ఖాథ్’ ఆమె పిల్లి. చివర ‘హీ’ చేర్చి ఆమెదని స్పష్టం చేసే వీలున్నా, చెవి ముందు పట్టుకునేది ఆ హల్లునే.

గసడదవాదేశ సంధి పేరు కూడా వినని పిల్లలు తల్లిదండ్రులు, కూరగాయలు అని తడుముకోకుండా అంటారు. అక్కడ త ద అయింది, క గ అయింది. వెల్ష్ సాఫ్ట్ మార్పులో జరిగేదీ అదే. అందుకే నా ఓటు వాక్యాలకే. వేల్స్ రాజధాని కార్డిఫ్ వెల్ష్‌లో ‘కైర్‌డీధ్’. కార్డిఫ్‌కు ‘ఇ గైర్‌డీధ్’, కార్డిఫ్ నుంచి ‘ఓ గైర్‌డీధ్’, కార్డిఫ్‌లో ‘అఙ్ ఙ్‌హైర్‌డీధ్’. ఈ మూడూ నోటికి వచ్చాక ఉత్తరాన ఉన్న కైర్‌నార్వొన్ పేరు చెప్పాల్సి వస్తే నాలుక తనే ‘ఇ గైర్‌నార్వొన్’ అంటుంది.

మ్యుటేషన్లను పూర్తిగా వదిలేయమనే వాళ్లూ ఉన్నారు. అర్థమవుతుంది లెండి, కానీ ఆ పిల్లి ఎవరిదో తేలదు.

పట్టికనే నమ్ముకున్నవాళ్లు ఒక్కటి చూసుకోవాలి. శుభ సాయంత్రానికి ‘నోస్‌వైథ్ ధా’: మాట స్త్రీలింగం కనుక వెనకొచ్చే ‘దా’ (మంచి) కాస్తా ‘ధా’ అయింది, సూత్రం సరిపోయింది. రాత్రి, ‘నోస్’, కూడా స్త్రీలింగమే. అయినా వేల్స్ అంతటా శుభరాత్రికి అనేది ‘నోస్ దా’.